కంపెనీ పెట్టి ఎనిమిది నెలలైంది, హిస్టరీ లేదని బ్యాంకు ఓడీ ఇవ్వనంటోంది. ఏం చేయాలి?

అట్టపెట్టెలవాడు (జీడిమెట్ల)

అందరికీ నమస్తే. నేనూ మా బావమరిదీ కలిసి ఎనిమిది నెలల కిందట ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాం. జీడిమెట్లలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని అట్టపెట్టెలు చేస్తున్నాం, త్రీ ప్లై, ఫైవ్ ప్లై రెండూ. నెలకు 12 లక్షల దాకా బిల్లింగ్ వస్తోంది. పని లేదని కాదు నా బాధ, పని బాగానే ఉంది, చేతిలో డబ్బే ఆడట్లేదు. పేపర్ రీళ్లు ఇచ్చే డీలరుకు పాతిక రోజుల్లో కట్టాలి, పెట్టెలు తీసుకునే పార్టీలేమో అరవై డెబ్బై రోజులకు గానీ డబ్బు వేయరు. దానికి తోడు జీఎస్టీ ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్టెల మీద 5 శాతం చేశారు, రీళ్ల మీద మాత్రం మేం 18 శాతం కడుతున్నాం, ఆ తేడా అంతా ఇన్‌పుట్ క్రెడిట్‌లో, అంటే మాకు వెనక్కి రావలసిన పన్నులో, పేరుకుపోతోంది. రీఫండుకు పెట్టాం, వచ్చినప్పుడు వస్తుంది.

10 లక్షల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, లిమిట్ దాకా అకౌంట్లోంచి వాడుకుంటూ కడుతూ ఉండే అప్పు) కోసం మా కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకుకే వెళ్లాను. కంపెనీకి హిస్టరీ లేదు, రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు తెండి, లేకపోతే ఇంటి కాగితాలు పెట్టండి అన్నారు. ఇల్లు నాన్న పేరు మీద ఉంది, దాని జోలికి వెళ్లను. అప్పు ఇస్తేనే కదా హిస్టరీ వచ్చేది, హిస్టరీ ఉంటేనే అప్పు ఇస్తామంటే పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్నట్టుంది వ్యవహారం.

నా సిబిల్ 771. మా బావమరిదిది 640 చిల్లర, ఐదేళ్ల కిందట ఒక క్రెడిట్ కార్డు కట్టలేక సెటిల్ చేసుకున్నాడు.

ఇప్పుడు ఒక ఏజెంటు తిరుగుతున్నాడు. ఏదో ఫైనాన్స్ కంపెనీ నుంచి 3 లక్షలు ఇప్పిస్తాడట, 26 శాతం వడ్డీ. ఆరు నెలలు సక్రమంగా కట్టండి సార్, కంపెనీకి హిస్టరీ వచ్చేస్తుంది, తర్వాత బ్యాంకే మీ వెంట పడుతుంది అంటున్నాడు. తీసుకోమంటారా? ఇంకోటి, యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూశాను, కంపెనీకి ఒక నంబరు తీసుకుని, ముప్పై రోజుల అరువు ఇచ్చే షాపుల్లో కొంటూ కడుతూ ఉంటే కంపెనీ స్కోరు దానంతట అదే పెరుగుతుందట, ఓనర్ సంతకం కూడా అక్కర్లేదట. మన దగ్గర అలాంటిది ఉందా? మా సంతకాలు లేకుండా కంపెనీ పేరు మీదే అప్పు పుట్టే రోజు అసలు వస్తుందా?

రిటైర్డ్ మేనేజర్, తెనాలి

బాబూ, నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో చేసి రిటైరయ్యాను, చివరి పదకొండేళ్లు చిన్న పరిశ్రమల అప్పుల సీట్లోనే. ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను, మిగతావి తేలికవుతాయి. కొత్త ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి డైరెక్టర్ల వ్యక్తిగత హామీ లేకుండా మన దేశంలో ఏ బ్యాంకూ ఓడీ ఇవ్వదు, కనీసం నేను ఇవ్వలేదు, ఇచ్చినవాణ్ణి చూడలేదు. లిమిటెడ్ అన్న మాట నీకు అప్పులవాళ్ల నుంచి రక్షణ అని నువ్వు అనుకుంటావు, అదే మాట చూసి బ్యాంకువాడు జాగ్రత్త పడతాడు. కాబట్టి ఆ ఆశ కొన్నేళ్లు పక్కన పెట్టు. నువ్వు అడగాల్సింది ఇల్లు తాకట్టు పెట్టకుండా అప్పు ఎలా అని. దానికి దారి ఉంది.

సీజీటీఎంఎస్ఈ అని ఒకటుంది, 2000లో కేంద్ర ప్రభుత్వమూ సిడ్బీ (చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు) కలిసి పెట్టిన ట్రస్టు. నీకు బ్యాంకు ఇచ్చిన అప్పు మునిగితే అందులో చాలా భాగం ఆ ట్రస్టు బ్యాంకుకు కడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల దాకా దీని కిందికి తెచ్చారు, నువ్వడిగేది 10 లక్షలు. ఏటా కొంత గ్యారంటీ ఫీజు నీ మీద పడుతుంది. దీని కింద ఆస్తి తాకట్టు, బయటివాళ్ల జామీను తీసుకోకూడదు, కానీ డైరెక్టర్లుగా మీ ఇద్దరి సంతకాలు మాత్రం తీసుకుంటారు, అది బయటి జామీను కిందికి రాదు. చాలామంది ఇక్కడే పొరబడి, గ్యారంటీ లేదన్నారు కదా మళ్లీ సంతకం ఏంటని మేనేజరుతో గొడవకు దిగుతారు.

ఇక లెక్క. చిన్న పరిశ్రమల వర్కింగ్ క్యాపిటల్‌కు నాయక్ కమిటీ పద్ధతి అని ఒకటి ఎప్పటి నుంచో నడుస్తోంది. ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతం బ్యాంకు ఇవ్వాలి, 5 శాతం నువ్వు తేవాలి. నెలకు 12 లక్షలంటే ఏడాదికి 1 కోటి 44 లక్షలు, అందులో 20 శాతం అంటే 28 లక్షల 80 వేలు. నీ వాటా 7 లక్షల 20 వేలు. అంటే నువ్వడిగిన 10 లక్షలు గొంతెమ్మ కోరికేం కాదు. కౌంటర్లో కూర్చున్న కుర్రాడు రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు అన్నాడంటే వాడికి తీరిక లేదనో టార్గెట్ వేరే ఉందనో అర్థం. అదే బ్యాంకులో చిన్న పరిశ్రమల అప్పులు చూసే ప్రత్యేక బ్రాంచి ఉంటుంది, అక్కడికి వెళ్లు.

అయితే వెళ్లేముందు నీ అకౌంట్ స్టేట్‌మెంట్ నువ్వే ఒకసారి బ్యాంకువాడి కళ్లతో చదువుకో. మేం చూసేది పెద్ద బ్యాలెన్సు కాదు. పార్టీల నుంచి వచ్చిన డబ్బంతా ఈ అకౌంట్లోకే వస్తోందా, జీఎస్టీ రిటర్నులో చూపిన అమ్మకాలకూ ఇక్కడ పడిన జమలకూ పొంతన ఉందా, చెక్కులు వెనక్కి వెళ్లాయా, ఈఎంఐలు బౌన్స్ అయ్యాయా, ఇవీ. ఏడాదిలో ఒక చెక్కు రిటర్నయితే ఏదో పొరపాటు అనుకుంటాం. మూడు అయితే ఫైలు పక్కన పెడతాం, నీకు ఎందుకో కూడా చెప్పం.

బావమరిది సంగతి కూడా తేల్చుకోవాలి, 640 ఉన్న డైరెక్టరును చూసే చాలా ఫైళ్లు ఆగుతాయి. సెటిల్డ్ అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. ఆ బ్యాంకును అడిగి అప్పట్లో మాఫీ చేసిన మిగతా మొత్తం కట్టేసి, బాకీ లేదని కాగితం తీసుకుని, క్లోజ్డ్ అని మార్పించుకోమను. స్కోరు రాత్రికి రాత్రి పెరగదు గానీ ఫైలు రాసేవాడికి రాసుకోవడానికి ఒక మాట దొరుకుతుంది.

ఆటోనగర్ అన్న (బెజవాడ)

తమ్ముడూ ఆ ఏజెంటును ముందు షెడ్డు బయటికి పంపు. 26 శాతం అన్నాడు సరే, ఫ్లాటా (చివరిదాకా మొదటి అసలు మీదే వడ్డీ) రెడ్యూసింగా (మిగిలిన అసలు మీదే వడ్డీ) అడిగావా? ఫ్లాట్ అయితే ఏడాది అప్పుకు అసలు లెక్క 45 శాతం దగ్గరికి పోతుంది, పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, ఇన్సూరెన్సు, అన్నీ కోసుకుని చేతికి 2 లక్షల 80 వేలు పెడతారు. అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు, 2024 అక్టోబరు నుంచి చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు కూడా. అందులో ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ఒకే అంకె ఉంటుంది. ఆ కాగితం ఇవ్వమను, వాడే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. నేను 2019లో ఇలాంటిదే తీసుకున్నా, దాని పేరు ఇక్కడ వద్దులే, రోజువారీ కట్టింపు. రోజూ పొద్దున పదింటికి అకౌంట్లోంచి లాగేసేవాళ్లు. రెండు రోజులు డబ్బు లేక రిటర్న్ అయింది, స్టేట్‌మెంట్ మీద ఆ రెండు మచ్చలూ పడ్డాయి, తర్వాత బ్యాంకుకు వెళ్తే పైన మేనేజరు గారు చెప్పిన కథే, ఫైలు పక్కన. హిస్టరీ కోసం తీసుకున్న అప్పే హిస్టరీ పాడు చేసింది.

నన్నడిగితే నీకు ఇప్పుడు కావలసిన క్రెడిట్ బ్యాంకులో లేదు, నీ పేపర్ డీలరు దగ్గరుంది. మాకు ఇక్కడ స్టీలు డీలర్లతో ఎలాగో నీకక్కడ రీళ్ల డీలర్లతో అలాగే. పాతిక రోజులన్నాడా? మూడు నెలలు వరసగా ఇరవయ్యో రోజుకే వేసెయ్. అడగకుండా వేసెయ్, వేసి వాట్సాప్‌లో యూటీఆర్ నంబరు (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే నంబరు) పెట్టు. నాలుగో నెలలో నువ్వే వెళ్లి నలభై ఐదు రోజులు, ఇంకో రెండు టన్నులు ఎక్కువ అడుగు. ఈ ఉద్దర ఏ సిబిల్‌లోనూ కనపడదు, నిజమే, కానీ డీలర్లు మన గురించి ఒకళ్లనొకళ్లు అడిగి తెలుసుకుంటారు, అదే మన బజారు సిబిల్. ఒక్కటి గుర్తుంచుకో, ఇవ్వలేని రోజు వస్తే ముందు రోజే ఫోన్ చెయ్. ఫోన్ ఎత్తని వాడికి ఎవడూ సరుకు ఇవ్వడు.

నీ పార్టీల సంగతేంటి మరి? ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉందా? ఫ్రీయే అది, డబ్బులడిగే సైట్లన్నీ దొంగవి. తయారీ కింద తీసుకో. వ్యాపారం కింద తీసుకుంటే బ్యాంకు అప్పుకు పనికొస్తుంది గానీ, డబ్బు ఆలస్యంగా ఇచ్చే పార్టీల మీద పట్టు దొరకదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో కట్టాలని 2006 చట్టంలోనే ఉంది. కట్టకపోతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ.

రిటైర్డ్ మేనేజర్, తెనాలి

ఆటోనగర్ అన్న గారు చెప్పింది చట్టం, బజారు వేరు. ఆలస్యమైన బాకీల కోసం ఉన్న సమాధాన్ పోర్టల్‌లో కేసు వేస్తే డబ్బు వస్తుందేమో, ఆ పార్టీ మాత్రం మళ్లీ ఆర్డరివ్వదు.

ఆటోనగర్ అన్న (బెజవాడ)

కేసు వేయమని నేనెక్కడన్నాను సార్. ఉద్యం నంబరు బిల్లు మీద అచ్చేస్తే చాలు. ఆదాయపు పన్నులో 43బీ(హెచ్) నిబంధన వచ్చాక, గడువులోపు కట్టని బిల్లు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోవడానికి కుదరట్లేదు, పన్ను వాళ్ల నెత్తిన పడుతోంది. మార్చి వచ్చేసరికి వాళ్ల ఆడిటరే నాకు ఫోన్ చేసి మీ బాకీ ఎంత అని అడుగుతున్నాడు. ఇరవై ఏళ్లలో ఇలాంటి ఫోన్ నేనెప్పుడూ వినలేదు.

ఫ్రిస్కో నుంచి

అమెరికా వీడియోల మాట వచ్చింది కాబట్టి నేను చెప్తాను, టెక్సస్‌లో ఆరేళ్లుగా చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఎల్ఎల్‌సీ నడుపుతున్నా. ఆ వీడియోల్లో ఉన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఇక్కడ కంపెనీకి ఈఐఎన్ అని పన్ను నంబరు ఉంటుంది, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే బ్యూరో దగ్గర డన్స్ నంబరు ఫ్రీగా వస్తుంది. ముప్పై రోజుల అరువు ఇచ్చి, నువ్వు ఎలా కట్టావో బ్యూరోలకు రిపోర్ట్ చేసే సప్లయర్లు ఉన్నారు. పేడెక్స్ అని స్కోరు, 80 అంటే చెప్పిన రోజుకు కట్టేవాడని. నేనూ అట్టపెట్టెలూ టేపులూ అవసరం లేకపోయినా కొన్నా ఆ స్కోరు కోసం. గ్యారేజీలో ఇంకా ఉన్నాయి.

కానీ ఓనర్ సంతకం అక్కర్లేదన్నది వీడియోలవాళ్లు కోర్సులు అమ్ముకోవడానికి చెప్పే మాట. ఇక్కడ ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ) లోన్‌కు 20 శాతం, అంతకుమించి వాటా ఉన్న ప్రతి ఒక్కరూ పర్సనల్ గ్యారంటీ ఇవ్వాల్సిందే. బిజినెస్ క్రెడిట్ కార్డులకూ మామూలుగా అంతే. మీ దగ్గర పేపర్ డీలరు నీ చెల్లింపుల్ని బ్యూరోకు పంపడు కాబట్టి ఆ పద్ధతి అక్కడ పనిచేయదు. డన్స్ నంబరు ఇండియాలో కూడా ఇస్తారు, ఎగుమతుల్లో కొందరు బయ్యర్లు అడుగుతారు. జీడిమెట్లలో ఓడీకి మాత్రం దాంతో పని లేదు.

సీఏ, కూకట్‌పల్లి

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఐఎన్‌సీ-20ఏ ఫారం వేశారా? కంపెనీ పుట్టిన 180 రోజుల్లోపు, వాటాల డబ్బు మొత్తం కంపెనీ అకౌంట్లో పడిందని డిక్లరేషన్ వేయాలి. అది వేయకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకునే అధికారం కూడా కంపెనీకి ఉండదు. కంపెనీకి 50 వేలు, డైరెక్టర్లకు రోజుకు వెయ్యి చొప్పున లక్ష దాకా పెనాల్టీ రాసి ఉంది. తక్కువ ఫీజుకు కంపెనీ రిజిస్టర్ చేసిచ్చే వాళ్లు సర్టిఫికెట్ చేతిలో పెట్టి మాయమైపోతారు, ఈ ఫారం సంగతి చెప్పరు. నా దగ్గరికొచ్చే కొత్త కంపెనీల్లో ఇది వేయనివి చాలా చూశాను. ముందు అది చూసుకోండి, బ్యాంకు లీగల్ వాడు మొదట పట్టుకునేది ఇదే.

హిస్టరీ కావాలంటే ఖరీదైన అప్పు అక్కర్లేదు. 2 లక్షలు కంపెనీ పేరు మీద ఎఫ్‌డీ వేసి, దాని మీద ఓడీ తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీలో 90 శాతం దాకా ఇస్తారు, వడ్డీ ఎఫ్‌డీ మీద వచ్చేదాని కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. తీసుకునేటప్పుడే మేనేజరును అడగండి, ఇది కంపెనీ పాన్ మీద కమర్షియల్ బ్యూరోకు (కంపెనీల అప్పుల రికార్డు ఉంచే సంస్థకు) రిపోర్ట్ అవుతుందా అని. అవుతుందంటేనే మీకు కావలసిన పని జరుగుతుంది. వాడటంలో కూడా ఒక పద్ధతి ఉంది. లిమిట్ మొత్తం వాడేసి అక్కడే ఆపేయకండి, పార్టీ డబ్బులు అందులో పడాలి, రీళ్ల డబ్బులు అందులోంచి పోవాలి. రేపు మామూలు ఓడీ వచ్చాక లిమిట్ దాటి నెలపైన ఉండిపోతే బ్యాంకు సిస్టమ్ మిమ్మల్ని ఎస్ఎంఏ (మునిగేలా ఉన్న ఖాతాల) లిస్టులో వేస్తుంది. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలి కాబట్టి, వచ్చే నెల సర్దుకుందాంలే అనే వీలు కూడా తగ్గింది.

కంపెనీ రిపోర్టు వేరే ఉంటుంది, మీ వ్యక్తిగత సిబిల్‌తో కలపకండి. అందులో 300 నుంచి 900 స్కోరు కాదు, సీఎంఆర్ అని 1 నుంచి 10 ర్యాంకు ఇస్తారు, 1 అంటే మంచిది. వచ్చే పన్నెండు నెలల్లో అప్పు మునిగే అవకాశం ఎంత అన్నదాన్ని బట్టి ఆ ర్యాంకు. ఓడీ మొదలైన మూడు నాలుగు నెలలకు ఒకసారి తెప్పించి చూడండి. ఒక క్లయింటు రిపోర్టులో అదే పేరున్న వేరే ఊరి కంపెనీ బాకీ కనపడింది, మేం పట్టుకోకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. తప్పుంటే బ్యూరోకు రాయండి, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు మీకే ఇవ్వాలి.

బావమరిదిని డైరెక్టరుగా తీసేద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి. వాటాదారుగా ఉన్నా బ్యాంకు చూస్తుంది. వాటా కూడా రాయించుకుంటే బ్యాంకు సంగతి అటుంచి ఇంట్లో మీ ఆవిడకు ఏం చెప్తారు?

అట్టపెట్టెలవాడు (జీడిమెట్ల)

అందరికీ చాలా థాంక్స్. సీఏ గారూ, మీ మెసేజ్ చూసి గుండె ఆగినంత పనైంది. కంపెనీ రిజిస్టర్ చేయించిన వాడికి ఫోన్ చేస్తే, మీరు అడగలేదు కదా సార్ అన్నాడు! వేయలేదట. వాటాల డబ్బు 5 లక్షలు మాత్రం మొదటి నెలలోనే అకౌంట్లో పడింది, స్టేట్‌మెంట్ ఉంది. ఇప్పుడు వేయొచ్చా?

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. రెండు మూడు పార్టీలు క్యాష్ ఇస్తే అకౌంట్లో వేయకుండా కూలీలకూ ఆటోలకూ ఇచ్చేశాను, బిల్లులు మాత్రం జీఎస్టీలో ఉన్నాయి. మేనేజరు గారు పొంతన అన్నప్పుడు అర్థమైంది, మాకు నెలకు లక్షన్నర దాకా తేడా వస్తోంది.

సీఏ, కూకట్‌పల్లి

వేయొచ్చు, ఆలస్య రుసుము పడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది కాబట్టి ఈ వారమే వేయండి. మీ షేర్ల డబ్బు పడిన ఎంట్రీ ఉన్న స్టేట్‌మెంట్ జత చేయాలి. క్యాష్ సంగతి, జరిగినవాటికి క్యాష్ బుక్కు, కూలీల వోచర్లు రాసి పెట్టుకోండి, ఇకనుంచి వచ్చిన ప్రతి రూపాయీ ముందు అకౌంట్లో పడి, తర్వాత బయటికి పోవాలి. ఆరు నెలల స్టేట్‌మెంట్ అలా శుభ్రంగా కనపడ్డాక ఓడీ ఫైలు పెట్టండి. ఇప్పుడే నాలుగు బ్యాంకుల్లో పెట్టకండి, ప్రతి దరఖాస్తూ ఎంక్వైరీగా రికార్డవుతుంది.

రిటైర్డ్ మేనేజర్, తెనాలి

ఆరు నెలల తర్వాత వెళ్లేటప్పుడు ఆర్డర్ కాగితాలు, పార్టీలవారీగా రావలసిన బాకీల లిస్టు, తొంభై రోజులు దాటినవి వేరుగా రాసి తీసుకెళ్లు. తొంభై దాటిన బాకీల మీద బ్యాంకు డబ్బు ఇవ్వదు, నువ్వే ముందు చూపిస్తే నీ మీద నమ్మకం పెరుగుతుంది. జీఎస్టీ రీఫండు దరఖాస్తు నంబరు కూడా పెట్టు.

అట్టపెట్టెలవాడు (జీడిమెట్ల)

సరే సార్. వచ్చే నెల మా ఆవిడ చిట్టీ పాడుతోంది, అందులోంచి 2 లక్షలు కంపెనీకి డైరెక్టర్ అప్పుగా రాసి ఎఫ్‌డీ వేస్తాను. ఏజెంటుకు ఆ కీ ఫ్యాక్ట్ కాగితం పంపమని మెసేజ్ పెట్టాను, రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. బావమరిది కార్డు బ్యాంకుకు ఫోన్ చేశాడు, అప్పటి మిగతా బాకీ 38 వేలట, ఇన్నాళ్లూ లక్ష ఉంటుందేమోనని భయపడి అడగలేదట. ఆటోనగర్ అన్నా, ఉద్యం ఉంది కానీ ఇప్పుడే చూశా, వ్యాపారం కింద ఉంది. అది మార్చాలి. డీలరుకు ఈసారి ఇరవయ్యో రోజుకే వేస్తా, ఏమంటాడో మళ్లీ వచ్చి చెప్తా. లారీ వచ్చింది, రీళ్లు దించాలి.